సొంత కంప్యూటర్: ఎంపిక ఇంటిది, ధర ప్రపంచానిది

మెమరీ చిప్‌ల తయారీలో అగ్రగామి అయిన అమెరికా సంస్థ మైక్రాన్, సాధారణ వినియోగదారుల కోసం 'క్రూషియల్' పేరిట సాగిస్తున్న వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్లు 2025 డిసెంబరు 3న ప్రకటించింది. కృత్రిమ మేధకు అవసరమైన భారీ డేటా కేంద్రాల నుంచి గిరాకీ వెల్లువెత్తుతున్నందున ఆ పెద్ద ఖాతాదారులకే సరఫరా పెంచదలచామని వివరించింది. ఎక్కడో అమెరికాలో వెలువడిన ఈ నిర్ణయానికీ, పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పిల్లల చదువు నిమిత్తం కంప్యూటర్ కొనాలని నెలనెలా కూడబెట్టే కార్మికుని ఇంటికీ సంబంధం ఏమిటన్న ప్రశ్న సహజం. సంబంధం ఉన్నది. విడిభాగాలు ఒక్కొక్కటిగా ఎంచుకుని డెస్క్‌టాప్ కంప్యూటర్ కూర్చుకునే కుటుంబానికి ప్రపంచ విపణిలోని ప్రతి కుదుపూ నేరుగా తగులుతుంది.

అయితే దెబ్బ ఏ భాగం మీద పడిందో గుర్తించి, ఆ ఒక్క భాగాన్ని తగ్గించుకునో, వాయిదా వేసుకునో మిగిలిన యంత్రాన్ని నిలబెట్టుకునే వెసులుబాటు కూడా ఆ కుటుంబానికే ఉన్నది. తయారుగా కొన్న ల్యాప్‌టాప్‌కు ఆ వెసులుబాటు తక్కువ. దీనిని ఎలా వినియోగించుకోవాలన్నది ఇంటి పెద్ద తేల్చుకోవలసిన విషయం. దానికి ప్రభుత్వ విధానాలు ఏ మేరకు తోడ్పడుతున్నాయన్నది దేశం ఆలోచించవలసిన విషయం.

మరమ్మతు తెలిసిన పట్టణం

ఈ చర్చకు ఖరగ్‌పూర్‌ను మించిన వేదిక లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ నెలకొల్పిన వర్క్‌షాప్ చుట్టూనే ఆ పట్టణం పెరిగింది. తూర్పు తీర రైలు మార్గపు ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ చేతికి రావడంతో ఉత్తరాంధ్రకూ ఖరగ్‌పూర్‌కూ రాకపోకలు పెరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉపాధి కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. వారి సంఖ్యను, డిమాండును గుర్తించి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించింది.

రైల్వే వర్క్‌షాప్‌లో బోగీకి నిర్ణీత కాలానికి పి.ఓ.హెచ్. జరుగుతుందన్న సంగతి ఆ కుటుంబాలలో పిల్లలకు సైతం తెలుసు. బోగీని విప్పి, అరిగిన చక్రాలు, బేరింగులు, బ్రేకు సామగ్రి మార్చి, చట్రం దృఢంగా ఉన్నంతకాలం మళ్లీ పట్టాలెక్కిస్తారు. ఒక భాగం పాడైనంత మాత్రాన బోగీని పారవేయరు. ఇది సాధ్యం కావడానికి మూలం కొలతల ప్రామాణికత. ఏ కర్మాగారంలో తయారైన భాగమైనా నిర్దిష్టమైన కొలతకు ఒదిగితీరాలి.

డెస్క్‌టాప్ కంప్యూటర్ కూడా ఇదే సూత్రం మీద నిలిచింది. ఐబీఎం 1981 ఆగస్టులో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌ను సొంత భాగాలతో కాక, బయట దొరికే భాగాలతో నిర్మించింది. సాంకేతిక వివరాలనూ ప్రచురించింది. దరిమిలా ఇతర సంస్థలు దానికి సరిపడే యంత్రాలను తయారు చేయగలిగాయి. 1995లో ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణం మదర్‌బోర్డు, పెట్టె, విద్యుత్ సరఫరా యూనిట్ల కొలతలను స్థిరపరచింది. మూడు దశాబ్దాలు గడిచినా ఆ కొలతలు చెలామణిలోనే ఉన్నాయి. ఒక కంపెనీ పెట్టెలో మరో కంపెనీ బోర్డు, దానిపై వేరొక కంపెనీ ప్రాసెసర్ ఇమడగలగడానికి కారణం ఇదే.

హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో ప్రారంభమైన ఖరగ్‌పూర్ ఐఐటీలో 2022లో 'పరమ్ శక్తి' సూపర్ కంప్యూటర్‌ను ప్రారంభించారు. దాని సామర్థ్యం 1.66 పెటాఫ్లాప్‌లు. దానికీ, రైల్వే క్వార్టర్‌లోని బల్లపై ఉండే యంత్రానికీ పోలికే లేదు. అయినా ప్రాసెసర్, మెమరీ, విద్యుత్ సరఫరా, చల్లబరిచే ఏర్పాటు - ఈ నాలుగింటి మధ్య సమతూకమే రెండింటికీ ప్రాణం. ఒక్క భాగంపై అతిగా ఖర్చు చేసి మరొకదానిని చులకన చేస్తే పెద్ద యంత్రమైనా, చిన్న యంత్రమైనా కుంటుతుంది.

సుంకాలు తగ్గిన వేళ

మన దేశంలో కంప్యూటర్ సామాన్యుని ఇంటికి చేరడం విధానాలతో ముడిపడిన కథ. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ప్రకటించిన కంప్యూటర్ విధానం దిగుమతులపై ఉన్న బిగువును కొంత సడలించింది. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలైనప్పుడు గరిష్ఠ దిగుమతి సుంకాన్ని 150 శాతానికి పరిమితం చేశారు. 1995 నాటికి అది 50 శాతానికి దిగివచ్చింది. 1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ ఆధ్వర్యంలోని సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, కంప్యూటర్లు, వాటి ముఖ్య భాగాలపై సుంకాలను దశలవారీగా 2005 నాటికి తొలగించేందుకు అంగీకరించింది.

ఆ కాలంలోనే 'అసెంబుల్డ్ కంప్యూటర్' అన్న మాట తెలుగు ఇళ్లలో నలిగింది. ఢిల్లీ నెహ్రూ ప్లేస్, కోల్‌కతా చాందినీ చౌక్, సికిందరాబాద్ పార్క్‌లేన్‌లలోని చిన్న దుకాణాలు పేరున్న కంపెనీల ధరకంటే తక్కువకు యంత్రాలను కూర్చి ఇచ్చాయి. బిల్లు లేని సరుకు, దొంగ సాఫ్ట్‌వేర్ అన్న అపఖ్యాతీ ఆ వ్యాపారాన్ని వెంటాడింది. అయినా వేలాది ఇళ్లకు తొలి కంప్యూటర్ అందించిన ఘనత చాలావరకు ఆ దుకాణాలదేనని ఒప్పుకోక తప్పదు.

అయినప్పటికీ ప్రయాణం సగంలోనే ఉన్నది. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కల ప్రకారం కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పట్టణాలలో 23.4 శాతం, గ్రామాలలో 4.4 శాతం మాత్రమే. సెల్‌ఫోన్ చేతికి వచ్చినంత వేగంగా కంప్యూటర్ ఇంటికి రాలేదు. ప్రోగ్రామింగ్ నేర్చే విద్యార్థికీ, ఇంజినీరింగ్ డ్రాయింగ్ వేసే పాలిటెక్నిక్ విద్యార్థికీ, లెక్కల పుస్తకం నిర్వహించే చిరు వ్యాపారికీ ఫోన్ ప్రత్యామ్నాయం కాలేదు. ధర పెరిగిన ప్రతిసారీ వెనుకబడేది ఈ వర్గమే.

మెమరీకి ఎందుకీ మంట?

విడిభాగాల ధరలు ఒక్కసారిగా పెరగడం కొత్త కాదు. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ కర్మాగారంలో పేలుడు సంభవించింది. చిప్‌లకు కవచంగా వాడే ఎపాక్సీ రెసిన్ అక్కడ తయారయ్యేది. ఆ ఒక్క ప్రమాదంతో ప్రపంచవ్యాప్తంగా మెమరీ ధరలు ఎగబాకాయి. 2011లో థాయిలాండ్ వరదలు హార్డ్ డిస్క్‌ల ఉత్పత్తిని దెబ్బతీశాయి. 2020-21లో కరోనా కాలపు చిప్‌ల కొరత, క్రిప్టో కరెన్సీ మోజు కలిసి గ్రాఫిక్స్ కార్డులను సామాన్యునికి అందకుండా చేశాయి.

2025లో ఆ వంతు మెమరీకి వచ్చింది. ర్యామ్‌కు ఆధారమైన డీర్యామ్ చిప్‌ల ఉత్పత్తిలో సింహభాగం దక్షిణ కొరియాకు చెందిన శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్ అనే మూడు సంస్థల చేతిలోనే ఉన్నది. కృత్రిమ మేధ యంత్రాలకు హై బ్యాండ్‌విడ్త్ మెమరీ అనే ప్రత్యేక రకం కావాలి. చిప్‌లను అంతస్తులుగా పేర్చి తయారుచేసే ఈ రకానికి, అంతే పరిమాణం గల మామూలు మెమరీతో పోల్చితే, సుమారు మూడు రెట్ల సిలికాన్ పలక ఖర్చవుతుంది. లాభం అధికంగా ఉన్నందున కంపెనీలు అటే మొగ్గాయి. ఫలితంగా మామూలు ర్యామ్‌కు కొరత ఏర్పడింది. 2025 సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపల అనేక రకాల డీడీఆర్5 ర్యామ్ ధరలు రెట్టింపును మించిపోయాయి. పాత రకమైన డీడీఆర్4 ఉత్పత్తిని కంపెనీలు క్రమంగా ఉపసంహరిస్తున్నందున దాని ధర కూడా పెరిగింది. ఎస్.ఎస్.డి.లలో వాడే ఫ్లాష్ మెమరీపైనా ఆ ఒత్తిడి పడింది.

ఈ గత ఉదంతాలన్నింటిలో ఒక పోలిక ఉన్నది. ప్రతి సంక్షోభమూ ఒకటి రెండు భాగాలనే పట్టింది తప్ప యంత్రం మొత్తాన్ని పట్టలేదు. ప్రతిసారీ కొంతకాలానికి ధరలు దిగివచ్చాయి. ఈసారి ఎంతకాలం పడుతుందన్నది కొత్త కర్మాగారాల నిర్మాణంపై ఆధారపడి ఉంటుంది. చిప్‌ల కర్మాగారం నెలలలో లేచేది కాదు, సంవత్సరాలు పడుతుంది. కనుక కొనుగోలుదారుడు యంత్రాన్ని రెండు భాగాలుగా చూడవలసి ఉన్నది. పదేళ్లు నిలిచే చట్రం ఒకటి. ఎప్పుడైనా మార్చుకోగల సామగ్రి రెండోది. మొదటిదానిలో రాజీ పడరాదు. రెండోదానిలో ఓపిక పట్టాలి.

ముందు పని, తరువాత ప్రాసెసర్

దుకాణంలో అడుగుపెట్టగానే 'ఏ ప్రాసెసర్?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. దానికి ముందు 'ఏం పని?' అన్నది ఇంట్లోనే తేలాలి. టైపింగ్, లెక్కలు, ఇంటర్నెట్, పాఠాల వీడియోలు, ప్రోగ్రామింగ్ అభ్యాసం - ఈ పనులకు విడి గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ప్రాసెసర్‌లోనే ఇమిడిన గ్రాఫిక్స్ చాలు. వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్, కృత్రిమ మేధ ప్రయోగాలు చేసేవారికే విడి కార్డు అవసరం. ఈ ఒక్క నిర్ణయంతోనే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. అయితే ఇంటెల్ ప్రాసెసర్లలో సంఖ్య చివర 'ఎఫ్' అన్న అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్లే. ధర కాస్త తక్కువని దానిని కొంటే, విడి కార్డు లేనిదే తెరపై బొమ్మ రాదు. ఏఎండీ వారి ఏఎం4 తరం ప్రాసెసర్లలో 'జి' అక్షరం ఉన్నవాటిలోనే ఆ సదుపాయం ఉంటుంది.

ప్రాసెసర్, మదర్‌బోర్డులను జంటగా ఎంచుకోవాలి. రెండింటి సాకెట్ ఒకటే కావాలి. సాకెట్ ఆయుష్షే యంత్రం ఆయుష్షు. 2016లో వచ్చిన ఏఎం4 సాకెట్‌పై ఏఎండీ అనేక తరాల ప్రాసెసర్లను విడుదల చేసింది. తొలినాళ్లలో బోర్డు కొన్నవారిలో చాలామంది ఏళ్ల తరువాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుని యంత్రానికి కొత్త ఊపిరి పోసుకోగలిగారు. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు కనీసం 2027 దాకా మద్దతు కొనసాగిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. ఇంటెల్ 2021లో తెచ్చిన ఎల్‌జీఏ1700 సాకెట్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు పనికివచ్చింది. 2024లో ఆ సంస్థ కొత్త సాకెట్‌కు మారింది. ఎల్‌జీఏ1700 బోర్డులలో డీడీఆర్4 రకం వేరు, డీడీఆర్5 రకం వేరు. ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ ఉన్నవారికి మెమరీ ధర మండే రోజుల్లో ఈ తేడా అక్కరకు వస్తుంది. ఒక రకం ర్యామ్ రెండో రకం బోర్డులో ఇమడదు. దాని గాడి స్థానమే వేరు.

ర్యామ్ విషయంలో ఓపికే ఆదా. సాధారణ పనులకు 16 జీబీ సౌకర్యంగా ఉంటుంది. ధర భరించలేకపోతే 8 జీబీ కర్ర ఒక్కటి వేసుకుని, బోర్డుపై కనీసం ఒక ఖాళీ స్లాటు ఉండేలా చూసుకుంటే చాలు. ధర దిగినప్పుడు రెండోది జతచేయవచ్చు. రెండు కర్రలు కలిసి పనిచేసినప్పుడు లోపలి గ్రాఫిక్స్ వేగం కూడా మెరుగుపడుతుంది. విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు చిన్న ఎస్.ఎస్.డి. కేటాయించి, ఫొటోలు, వీడియోలకు పాత హార్డ్ డిస్క్‌ను వాడుకోవడం మరో ఆదా మార్గం.

ఎక్కువమంది చులకన చేసే భాగం ఎస్.ఎం.పి.ఎస్. వేసవిలో 'కాల్ బైశాఖి' గాలివానలు, పిడుగులు పశ్చిమ మేదినీపూర్ ప్రాంతానికి పరిపాటి. కరెంటు ఒక్కసారిగా పోయి వచ్చేచోట నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్. తాను కాలిపోవడమే గాక బోర్డును, డిస్క్‌ను కూడా వెంట తీసుకుపోగలదు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రానికి 450 వాట్ల యూనిట్ పుష్కలం. పెట్టె మీద రాసిన వాట్ల అంకె కంటే, '80 ప్లస్' గుర్తింపు, కంపెనీ ఇచ్చే వారంటీ కాలం ముఖ్యం. సరైన ఎర్తింగ్ లేని ప్లగ్గుకు ఎంత మంచి యంత్రం తగిలించినా రక్షణ లేదు. రంగురంగుల దీపాల క్యాబినెట్‌పై పెట్టే డబ్బు చిన్న యూపీఎస్‌పై పెడితే ఫలితం ఉంటుంది.

ఎక్కడ కొనాలన్నది చివరి ప్రశ్న. హౌరా దాకా సుమారు 115 కిలోమీటర్ల రైలు ప్రయాణం చేస్తే చాందినీ చౌక్‌లో రకాలు ఎక్కువ, బేరానికి వీలుంటుంది. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లోనో, ఖరీదాలోనో కొంటే రేపు ఏదైనా భాగం పాడైనప్పుడు పూట సెలవుతో పని తీరుతుంది. అసెంబుల్డ్ యంత్రానికి ఒకే వారంటీ ఉండదు. ప్రతి భాగానికీ దాని కంపెనీదే బాధ్యత. అందువల్ల ప్రతి భాగం సీరియల్ నంబరుతో సహా జీఎస్టీ బిల్లు తీసుకోవడం తప్పనిసరి. ఇంటెల్ కంపెనీ పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కు మూడేళ్ల వారంటీ ఇస్తుంది. పెట్టె లేకుండా అమ్మే 'ట్రే' ప్రాసెసర్‌కు కంపెనీ నుంచి వినియోగదారునికి ఆ హామీ లేదు. రెండింటి ధరలో తేడా ఎందుకో ఇప్పుడు బోధపడుతుంది.

పాత యంత్రం ఉన్నవారి సమస్య వేరు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు నిలిపివేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ కావాలని షరతు పెట్టింది. ఈ షరతు వల్ల చక్కగా పనిచేస్తున్న యంత్రాలు కూడా పనికిరానివిగా ముద్రపడ్డాయి. ఉచితంగా లభించే లినక్స్ రకాలను, సీడాక్ రూపొందించిన 'బాస్' వంటివాటిని అటువంటి యంత్రాలలో వాడుకోవచ్చు. చట్రం దృఢంగా ఉండగా బోగీని తుక్కుకు పంపడం వర్క్‌షాప్ నీతి కాదు.

విధానాల చిట్టాలో లేని పెట్టె

ఇక ప్రభుత్వం వైపు చూస్తే, జనం 'సీపీయూ' అని పిలుచుకునే మామూలు నిలువు పెట్టె డెస్క్‌టాప్‌కు విధానాలలో చోటు కనపడదు. 2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్‌లు, ఆల్ ఇన్ వన్ కంప్యూటర్లు, అతి చిన్న కంప్యూటర్లు, సర్వర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. నిరసన రావడంతో వెనువెంటనే అమలును వాయిదా వేసి, నవంబరు నుంచి ఆన్‌లైన్ అనుమతుల పద్ధతికి మారింది. అదే సంవత్సరం మే నెలలో ఐటీ హార్డ్‌వేర్ రంగానికి రూ.17,000 కోట్ల ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలు ప్రకటించింది. ఆ పథకం కింద నవంబరులో 27 సంస్థలకు ఆమోదం లభించింది. ఆ పథకం కూడా అవే అయిదు రకాల యంత్రాలకు వర్తిస్తుంది. మామూలు డెస్క్‌టాప్ రెండు చిట్టాలలోనూ లేదు. ఆంక్షల బెడద తప్పడం మేలే. ప్రోత్సాహం అందకపోవడమే లోటు.

మైక్రాన్ వ్యవహారంలో మరో వైచిత్రి ఉన్నది. గుజరాత్‌లోని సానంద్‌లో ఆ సంస్థ మెమరీ చిప్‌ల పరీక్ష, ప్యాకేజింగ్ కర్మాగారానికి 2023 జూన్‌లో కేంద్రం ఆమోదం తెలిపింది. రూ.22,516 కోట్ల ఆ ప్రాజెక్టు వ్యయంలో సగం కేంద్రం, 20 శాతం గుజరాత్ ప్రభుత్వం భరించేలా ఒప్పందం కుదిరింది. ప్రజాధనం తోడ్పాటుతో మెమరీ పరిశ్రమ దేశంలోకి వచ్చింది. రెండున్నరేళ్లు తిరగకుండా ఆ సంస్థే సాధారణ వినియోగదారుని దుకాణానికి వీడ్కోలు పలికింది. వ్యాపార సంస్థ లాభం చూసుకోవడంలో వింత లేదు. కానీ ఇంత భారీ సాయం చేసేటప్పుడు దేశీయ చిల్లర విపణికి కొంత సరఫరా ఉండాలన్న షరతు గురించి ప్రభుత్వాలు ఇకముందైనా ఆలోచించవలసి ఉన్నది.

పన్ను సంగతి చూద్దాం. కంప్యూటర్లపైనా, విడిభాగాలపైనా 18 శాతం జీఎస్టీ ఉన్నది. రిజిస్టరైన వ్యాపార సంస్థ కంప్యూటర్ కొంటే ఆ పన్నును తన అమ్మకాల పన్నులో సర్దుబాటు చేసుకోగలదు. జీతంపై బతికే కుటుంబానికి ఆ వీలు లేదు. పన్నుతో కలిపి రూ.40,000 పెట్టి యంత్రం కూర్చుకుంటే అందులో దాదాపు రూ.6,100 పన్నే. ధరల మంట ఉన్నప్పుడు శాతం మారకున్నా పన్ను మొత్తం పెరుగుతుంది. అంటే ప్రపంచ సంక్షోభం నుంచి ఖజానాకు లాభం, గృహస్థునికి రెట్టింపు నష్టం.

మరమ్మతు హక్కు విషయంలో కొంత కదలిక వచ్చింది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇందుకోసం పోర్టల్ ప్రారంభించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమలులోకి వచ్చాయి. అయితే విడిభాగాలు సరసమైన ధరకు దొరకనిదే మరమ్మతు హక్కు కాగితానికే పరిమితమవుతుంది. వ్యర్థం తగ్గించడానికి అన్నింటికన్నా సులువైన మార్గం యంత్రం ఆయుష్షు పెంచడమే. ఆ పని నిత్యం చేస్తున్నది చిన్న పట్టణాలలోని అసెంబ్లింగ్ దుకాణాలు. వాటికి శిక్షణ, సులభ రుణం, కార్యాలయాలు వాడి వదిలేసిన యంత్రాలను వారంటీతో పునరుద్ధరించి అమ్మే ఏర్పాటు కల్పిస్తే ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ. విద్యార్థి కొనే తొలి కంప్యూటర్‌కు పన్నులో కొంత తిరిగి చెల్లించే అంశాన్ని కూడా జీఎస్టీ మండలి పరిశీలించదగును.

మెమరీ చిప్ ఎవరికి అమ్మాలో నిర్ణయించే శక్తి ఖరగ్‌పూర్ కార్మికునికీ లేదు, ఢిల్లీ ప్రభుత్వానికీ పూర్తిగా లేదు. ఆ ధర తగ్గేదాకా చదువు ఆగనవసరం లేదు. మంచి బోర్డు, నమ్మదగిన ఎస్.ఎం.పి.ఎస్., చేతిలో బిల్లులు, ఒక ఖాళీ స్లాటు - ఇవి ఉంటే తక్కువ మెమరీతోనైనా యంత్రం ఇవాళే పని మొదలుపెడుతుంది. మిగిలినది ధర కనికరించినప్పుడు జతచేసుకోవచ్చు. ఆ అవకాశం సామాన్యునికి మిగిలి ఉండాలంటే విడిభాగాల విపణి తెరిచి ఉండాలి. పెద్ద కంపెనీల ప్రోత్సాహకాల లెక్కలతో పాటు ఈ చిన్న లెక్కను కూడా విధానకర్తలు చూడవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.